టీచర్ల శిక్షణ శిబిరంలో మీకేం పని?

బీఈడీలోనో డీఈఎల్‌ఈడీలోనో చేరే నాటికే ప్రతి విద్యార్థీ ఏళ్ల తరబడి టీచర్లను దగ్గర్నుంచి చూసి ఉంటారు. హైస్కూలు చదువు పూర్తయ్యేసరికి ఆ చూడటం దాదాపు 13,000 గంటలవుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో వెలువడిన ‘స్కూల్ టీచర్’ పుస్తకంలో లెక్కగట్టారు. ఇంత చూశాక బోధన మనకు తెలిసిన పనే అనిపించడం సహజం. కానీ బెంచీ మీద కూర్చున్న పిల్లవాడికి టీచర్ బోర్డు మీద రాసిన ఉదాహరణ కనిపిస్తుంది. మరో నాలుగు ఉదాహరణలు వదిలేసి దాన్నే ఎందుకు తీసుకున్నారన్నది కనిపించదు. ఆ ‘ఎందుకు’ టీచర్ల నోట పైకి వినిపించే చోట్లు చాలా తక్కువ. సర్వీసులో ఉన్న ఉపాధ్యాయుల శిక్షణ శిబిరం అలాంటి చోటు. టీచర్ కావాలనుకునే విద్యార్థి కనీసం ఒక శిబిరంలోనైనా సహాయకుడిగా పనిచేయాలని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే.

భిన్నాల కూడిక మీద చర్చ జరిగిందనుకోండి. సగానికి మూడో వంతు కలపమంటే పిల్లలు పైఅంకెలను పైఅంకెలతో, కింది అంకెలను కింది అంకెలతో కలిపి అయిదింట రెండు అని రాస్తారు. సరైన జవాబు ఆరింట అయిదని మెథడాలజీ పుస్తకం చెబుతుంది. శిబిరంలో మాట అక్కడితో ఆగదు. కాగితం మడిచి చూపిస్తే అర్థమవుతుందని ఒక టీచర్ అంటే, సగం, పావు మడవడం తేలికే గానీ మూడు సమభాగాలుగా మడవడం చిన్న పిల్లలకు చేతకాదు కదా అని ఇంకొకరు అడ్డు తగులుతారు. మీకు వచ్చిన జవాబు కంటే సగమే ఎక్కువ కదా, రెండు కలిపితే సగం కన్నా తగ్గిందేమిటని పిల్లల్నే అడగాలని మూడోవారు అంటారు. సబ్జెక్టు తెలియడం, దాన్ని ఫలానా పిల్లలకు అందేలా మలచడం తెలియడం ఒకటి కావని విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో ఒక సిద్ధాంతంగా చెప్పారు. ఆ రెండో తెలివి ఎలా ఉంటుందో ఇలాంటి వాదనలో కళ్లకు కడుతుంది. ఇంట్లో కోయ, గోండీ, లంబాడీ మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు వాచకం తెరిచినప్పుడు ఏమవుతుందో కూడా అలాంటి బళ్లలో పనిచేస్తున్నవాళ్ల నోట వినాల్సిందే.

ఇంటర్న్‌షిప్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. 2014 ఎన్‌సీటీఈ నిబంధనలు బీఈడీని రెండేళ్లకు పెంచి, 20 వారాల ఇంటర్న్‌షిప్‌ను అందులో చేర్చాయి. ఆ వారాలకు ప్రత్యామ్నాయం లేదు. అయితే బడిలో మీ ధ్యాస అంతా మీ పాఠం మీదా, రికార్డుల మీదా ఉంటుంది. పక్క గదిలో ఇరవై ఏళ్ల అనుభవమున్న టీచర్‌కు మీతో కూర్చుని మాట్లాడే తీరిక దొరకదు. శిబిరంలో అదే టీచర్ తనకు కొరుకుడుపడని పాఠం గురించి తోటివాళ్లను సలహా అడుగుతారు. అనుభవజ్ఞులు సైతం తెలియదని ఒప్పుకుని నేర్చుకోవడం చూసిన ఛాత్రోపాధ్యాయులకు తమ తొలి ఏడాది తడబాట్లు మరీ అంత భయం కలిగించవు.

దీనికన్నా బరువైన అభ్యంతరం డీఎస్సీ. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. పోటీ ఎంత తీవ్రమో చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఎంపికలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ, మిగతాది రాతపరీక్షకు. శిబిరంలో పనిచేసినందుకు అర మార్కు కూడా రాదు. కాబట్టి పరీక్ష నెల రోజుల్లో ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోమని ఎవరికీ చెప్పను. కోర్సు చదువుతున్న కాలంలో రెండు మూడు రోజులు కేటాయించడం మాత్రం పెద్ద నష్టం కాదు. పైగా ఉద్యోగం వచ్చాక శిక్షణ తప్పదు. ప్రతి టీచర్ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి వెచ్చించాలని 2020 జాతీయ విద్యావిధానం ఆశిస్తోంది. ముప్ఫై ఏళ్ల సర్వీసుకు అది 1,500 గంటలు. అన్ని గంటల్లోంచి తనకేం కావాలో తీసుకోవడం తెలిసిన టీచర్‌కూ, హాజరు సంతకం పెట్టి గడియారం చూసే టీచర్‌కూ తేడా వాళ్ల తరగతిలో పిల్లల మీద పడుతుంది.

‘చివరికి మాతో కుర్చీలు మోయిస్తారు, టీలు ఇప్పిస్తారు’ అన్న అనుమానం కూడా వింటుంటాను. చాలాచోట్ల జరిగేది అదే, దాన్ని సమర్థించను. పని ఒప్పుకునే ముందే చర్చకు దగ్గరగా ఉండే బాధ్యత అడగాలి. గ్రూప్ చర్చలో వచ్చిన అంశాలు రాసుకోవడం, మాదిరి పాఠానికి టీఎల్‌ఎం సిద్ధం చేయడం, ఫీడ్‌బ్యాక్ ఫారాలు చదివి రిసోర్స్ పర్సన్‌కు సారాంశం ఇవ్వడం అలాంటివి. రెండు గంటలు కుర్చీలు సర్దినా ఫరవాలేదు, రోజంతా అదే అయితే మర్యాదగా మానుకోవచ్చు. ప్రభుత్వ శిబిరాల్లోకి నేరుగా వెళ్లడం కుదరదు గనుక కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా డైట్‌నో ఎంఈవోనో అడగాలి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రయోగాలతో సైన్సు బోధించడంలో టీచర్లకు శిక్షణ ఇస్తుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలోని రివర్ సంస్థ, రకరకాల తరగతుల పిల్లలు ఒకే గదిలో చదివే చిన్న బడుల కోసం కార్డుల పద్ధతిని తీర్చిదిద్దింది. తమిళనాడు అక్కడి నుంచే ఆ పద్ధతిని తీసుకుని తన బడుల్లో పెద్ద ఎత్తున ప్రవేశపెట్టింది. ఇలాంటి సంస్థలకు సహాయకులు కావాలా అని రాసి అడగడంలో తప్పులేదు.

శిక్షణల వల్ల తరగతి గదిలో ఏమీ మారదన్న నిరాశ టీచర్లలోనే ఉంది, అది విని మీరూ నీరుగారిపోవచ్చు. ఆ నిరాశకు ఆధారం లేకపోలేదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ బోధనా పద్ధతిపై ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 2017లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఉత్తరాఖండ్, బిహార్‌లలో కేవలం శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేసిన చోట పిల్లల చదువు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు. హర్యానాలో రోజుకో గంట ప్రత్యేకంగా కేటాయించి, పిల్లల్ని తరగతిని బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి, బడికి వచ్చి చూసే పర్యవేక్షకులకూ శిక్షణ ఇచ్చినప్పుడు భాషలో ఫలితం కనిపించింది. అంటే శిబిరం తర్వాత ఏం జరిగిందన్నదే కీలకం. అందుకే మీ పని శిబిరం ముగిసిన రోజుతో ఆపకండి. అక్కడ పరిచయమైన ఒక టీచర్ అనుమతి తీసుకుని, నెల తర్వాత వారి తరగతిలో ఒక పీరియడ్ కూర్చోండి. శిబిరంలో నేర్చుకున్నదాంట్లో ఏది నిలిచింది, ఏది జారిపోయింది, దేన్ని ఆ టీచర్ తన పిల్లలకు తగ్గట్టు మార్చుకున్నారు అన్నది రెండు పేజీల్లో రాసుకోండి. రేపు ఏ ప్రైవేటు స్కూలు ఇంటర్వ్యూలోనో, విద్యారంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలోనో మీ అనుభవం అడిగితే, పాల్గొన్నట్టు చెప్పే సర్టిఫికెట్‌తో పాటు ఆ రెండు పేజీలూ బల్ల మీద పెట్టవచ్చు.