బిడ్డను ఎవరి చేతిలో పెడుతున్నాం?

తల్లి ఉద్యోగానికి వెళ్ళాలి. తండ్రి జిద్దాలోనో, దుబాయిలోనో ఉంటాడు. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. ఇలాంటి కుటుంబాల్లో పసిబిడ్డను పగలంతా ఒక ఆయాకు అప్పగించక తప్పదు. ఇందులో తప్పేమీ లేదు. మహాప్రవక్త (స) కూడా శైశవంలో హలీమా సాదియా (రజి) ఇంట పెరిగారు. అయితే బిడ్డ అల్లాహ్ మనకిచ్చిన అమానత్. ప్రతి ఒక్కరూ కాపరేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి జవాబు చెప్పుకోవాలనీ ఆయన (స) హెచ్చరించారు. ఆయా కుదిరినంత మాత్రాన ఆ జవాబుదారీ మన మీద నుంచి తొలగిపోదు.

రెండు గుణాలు

మూసా (అలై)ను పనిలో పెట్టుకోమని మద్యన్ వాసి కుమార్తె తన తండ్రికి సలహా ఇచ్చింది. ఆమె చెప్పిన కారణాలు రెండే: ఆయన బలవంతుడు, నమ్మకస్తుడు (ఖుర్ఆన్ 28:26). ఇది విన్న మాట కాదు. తమ మందకు ఆయన నీళ్ళు పెట్టిన తీరును ఆమె కళ్ళారా చూసింది.

ఆయా విషయంలోనూ ఈ రెండూ చూడాలి. మనిషి మంచిదే కావచ్చు. బిడ్డ గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చెయ్యాలో తెలియాలి కదా! పనిలో నేర్పు ఉండి మాటలో నిజం లేకపోయినా చాలదు. ఇదివరకు ఆమె పనిచేసిన ఇళ్ళకు వెళ్ళి, ఎందుకు మానేసిందో అడగండి. మొదటి వారం మీరు ఇంట్లో ఉండి, ఆమె బిడ్డను చూసుకునే తీరు గమనించండి.

చేతిలో తస్బీహ్ ఉందనో, దూరపు బంధువనో విచారణ మానుకోవద్దు. ముస్లిం కాదన్న ఒక్క కారణంతో కాదనవద్దు. క్రీ.శ. 622లో హిజ్రత్ ప్రయాణానికి దారి చూపిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. శత్రువులు వెతుకుతున్న వేళ దైవప్రవక్త (స), అబూబక్ర్ (రజి) అతన్ని నమ్మి తమ ఒంటెలు అప్పగించారు.

కనిపెట్టి ఉండాలి

మూసా (అలై)ను తిరిగి చేరుస్తానని అల్లాహ్ ఆ తల్లికి మాట ఇచ్చాడు. అయినా ఆమె కూతుర్ని వెంట పంపింది. ఆ అమ్మాయి ఎవరికీ తెలియకుండా దూరం నుంచి చూస్తూ ఉంది (28:11). తవక్కుల్ అంటే కళ్ళు మూసుకోవడం కాదు. అప్పుడప్పుడు చెప్పకుండా ఇంటికి రండి. పొరుగువారికి ఒక మాట చెప్పి ఉంచండి.

బిడ్డ మాట వినాలి

అమ్మకు చెప్పకూడని రహస్యం ఏదీ ఉండదని బిడ్డకు నేర్పండి. బిడ్డ ఉన్నట్టుండి ఆ మనిషిని చూసి బెదిరినా, స్నానమంటే భయపడినా తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మనిషి సొంత బంధువైనా సరే. పరువు పోతుందని దాచిపెట్టడం బిడ్డకు చేసే అన్యాయం. సహాయానికి 1098కి ఫోను చెయ్యవచ్చు. పిల్లల రక్షణకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది.

ఆమె హక్కు కూడా అమానతే

పల్లె నుంచి చిన్నపిల్లను తెచ్చి మీ బిడ్డను ఎత్తుకోవడానికి పెట్టుకోవద్దు. 14 ఏళ్ళు నిండనివారిని ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. ఆ పిల్ల కూడా ఒక తల్లి బిడ్డే. పాలిచ్చే దాదికి ఇవ్వవలసింది ధర్మసమ్మతంగా ఇమ్మని ఖుర్ఆన్ ఆదేశించింది (2:233). ఆయా జీతం ముందే మాట్లాడుకుని, వేళకు ఇవ్వండి.

అల్లాహ్ మన పిల్లలను తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.