శ్వేతవర్గ పరిశ్రమలు: మన్యమునకు వర్తించు తీరు

1974 నాటి జలచట్టమును, 1981 నాటి వాయుచట్టమును అనుసరించి పరిశ్రమ స్థాపింపదలచినవారు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతిని ముందుగా పొందవలసియుండగా, కేంద్రమండలి 2016లో పరిశ్రమలను కాలుష్య సూచికనుబట్టి ఎఱుపు (60, ఆపైన), నారింజ (41–59), ఆకుపచ్చ (21–40), తెలుపు (20 వఱకు) వర్గములుగా విభజించి, తెల్లవర్గమువారు సమాచారమిచ్చిన చాలునని సడలించినది. 2025లో ఈ హద్దులు మాఱి, నీలివర్గము కూడ చేరినది.

అద్దకము లేని చేనేత, రసాయనములు కలుపని జీవ ఎరువులు, తేయాకు కలిపి పొట్లములు కట్టుట తెల్లవర్గములోనివి. పాడేరు, అరకు ప్రాంతముల చిన్న వృత్తులవారికి ఈ సడలింపు నిజమైన మేలు.

కాఫీ విషయము వేఱు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా పండ్లను ఒలిచి, గింజల జిగురు కడుగునప్పుడు వెలువడు ఆమ్లజలము శుద్ధి లేక గెడ్డలో కలిసినచో, అందలి గుజ్జు కుళ్లుచు నీటిలోని ప్రాణవాయువును హరించును. దిగువ గూడెమువారికి ఆ గెడ్డయే ఆధారము. కావున పండ్లు ఒలుచు యంత్రమును, చేనేత మగ్గమును ఒకే గాట కట్టరాదు.

పరిశ్రమ స్థాపింపదలచినవారు మఱువరానిది: తెల్లవర్గమునకిచ్చిన ఈ మినహాయింపు, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించు 1/70 నిబంధనను గాని, అచ్చటి గ్రామసభలకు అధికారములిచ్చు 1996 నాటి పెసా చట్టమును గాని తొలగింపదు. అనంతగిరి మండలపు బొఱ్ఱా ప్రాంత గనుల వివాదమునుండి పుట్టిన 1997 సమతా తీర్పు ప్రకారము షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వము సైతము గిరిజనేతరులకు గనులు కౌలుకీయరాదు.