ఎత్తయిన శిఖరం ఏది? జవాబులు మూడు!

విద్యార్థులారా! టెలివిజన్ క్విజ్‌లో “ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం...” అని వినగానే, ప్రశ్న పూర్తికాకుండానే బజరు నొక్కేసేవారిని మీరు చూసే ఉంటారు. ఎవరెస్టు అన్న జవాబు అందరికీ తెలిసినదే. కాని ప్రశ్నలో ఇంకొక్క మాట చేరితే ఆ జవాబే తప్పు కావచ్చు. ఎలాగో చూద్దాం.

ముగ్గురు పిల్లలు నిలబడ్డారనుకోండి. ఒకడు నేలమీద, ఒకడు అరుగుమీద, ఒకడు మోకాలిలోతు గోతిలో. వీరిలో పొడుగరి ఎవరు? ఎవరి తల పైన ఉన్నదన్నది ఒక ప్రశ్న. ఎవరి శరీరం పొడవన్నది వేరొక ప్రశ్న. శిఖరాల సంగతీ ఇంతే.

1. సముద్రమట్టం నుంచి కొలిస్తే: ఎవరెస్టే మొదటిది. ఎత్తు 8,848.86 మీటర్లు.

2. మొదలు నుంచి కొలిస్తే: హవాయి దీవిలోని మౌనా కియా అనే అగ్నిపర్వతం. నీటిపైన కనిపించేది 4,200 మీటర్లే. మిగిలినదంతా పసిఫిక్ మహాసముద్రంలో మునిగి ఉంది. సముద్రపు అడుగు నుంచి కొలిస్తే 9,000 మీటర్లు దాటుతుంది. గోతిలోని పిల్లవాడు ఇతడే!

3. భూకేంద్రం నుంచి కొలిస్తే: ఈక్వడార్ దేశంలోని చింబొరాజో. దీని ఎత్తు సముద్రమట్టానికి సుమారు 6,260 మీటర్లే. అయితే భూమి సరియైన గోళం కాదు. ధ్రువాల వద్ద కాస్త నొక్కుకుపోయి, మధ్యలో ఉబ్బి ఉంటుంది. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6,357. చింబొరాజో భూమధ్యరేఖకు దగ్గరగా ఆ ఉబ్బుమీద, అనగా అరుగుమీద నిలబడి ఉంది. అందుచేత దాని కొన, ఎవరెస్టు కొన కంటె దాదాపు రెండు కిలోమీటర్లు భూకేంద్రానికి దూరంగా ఉంటుంది.

ఇక అంకెల సంగతి. ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని, అంటే సుమారు 8,840 మీటర్లని 1856లో ప్రకటించారు. మైదానాలలో థియోడొలైటు నిలిపి, కోణాలు కొలిచి, త్రికోణమితితో కట్టిన లెక్క అది. ఆ లెక్క కట్టినవారిలో ముఖ్యుడు బెంగాలుకు చెందిన రాధానాథ్ సిక్దార్. తరువాత 1955లో 8,848 మీటర్లన్నారు. శిఖరంమీదికే ఉపగ్రహ సంకేతాల పరికరాలను మోసుకెళ్లి కొలిచాక, 2020 డిసెంబరులో నేపాల్, చైనాలు కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించాయి. అంకె మారడానికి ముఖ్య కారణం కొలిచే పద్ధతి మెరుగుపడటమే.

కాబట్టి జవాబు బట్టీపట్టేటప్పుడు “ఎక్కడ నుంచి కొలిచారు? ఏ సంవత్సరంలో?” అన్న రెండు ప్రశ్నలు కూడా వేసుకోండి. బజరుమీద చెయ్యి వేసేముందు ప్రశ్న చివరిదాకా వినండి.

మీకొక ప్రశ్న: ప్రపంచంలో అతి పెద్ద ఎడారి ఏది? సహారా అనేముందు, ఎడారి అంటే ఏమిటో ఆలోచించండి.

(జవాబు: అంటార్కిటికా. ఎడారికి గుర్తు వేడి కాదు. వాన, మంచు చాలా తక్కువగా పడటం.)