మోటారుకారులో చల్లదనము: కంప్రెసరు తిరుగనిచో చేయవలసిన పరీక్ష

విద్యార్థులారా! వేసవిలో కారునందు చల్లదనపు మీట నొక్కినను వేడిగాలియే వచ్చుచున్నచో, "కంప్రెసరు పోయినది, మార్చవలెను" అను మాట తఱచుగా వినబడును. కాని కంప్రెసరు తిరుగకుండుట వేఱు, చెడిపోవుట వేఱు. ఈ భేదమును తెలిసికొనుటయే నేటి పాఠము.

కారు లోపలి గొట్టములలో చల్లదనపు ద్రవము ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును. పెక్కు కార్లలో వాడబడు ఆర్-134ఏ అను పదార్థము సున్నకు దిగువ 26 డిగ్రీల వద్దనే మరగును. కంప్రెసరు ఆ ఆవిరిని పీల్చి, నొక్కి, కారు ముందుభాగమున నున్న కండెన్సరునకు పంపును. అచ్చట అది వేడిని విడిచి మరల ద్రవమగును.

కంప్రెసరును త్రిప్పునది ఇంజను. ఇంజను నడచునంతసేపు బెల్టుచే పుల్లీ తిరుగుచునే యుండును. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది అయస్కాంతమై, ముందున్న ఇనుపపళ్ళెమును పుల్లీకి అంటించును. అపుడే కంప్రెసరు తిరుగును. దీనినే క్లచ్చి యందురు. 1939లో అమెరికాలో ప్యాకార్డు సంస్థ చూపిన కారునందు ఈ క్లచ్చి లేదు. చల్లదనము వలదనుకొన్నచో ఇంజను నాపి బెల్టును ఊడదీయవలసి యుండెడిది!

ఇక పరీక్షాక్రమము.

1. ఇంజను నాపి, బెల్టు తెగినదో, వదులైనదో చూడవలెను. పిమ్మట ఇంజను నడపి, మీట నొక్కి, ఎడముగా నిలిచి పళ్ళెమును గమనింపవలెను. పుల్లీ మాత్రమే తిరుగుచు నడిమిపళ్ళెము నిలిచి యున్నచో క్లచ్చి పట్టుట లేదు. పైటకొంగు, జడ, చొక్కాచేయి బెల్టు దరికి పోరాదు. ముందున్న ఫ్యాను అకస్మాత్తుగా తిరుగవచ్చును.

2. ఫ్యూజు కాలినదేమో చూడవలెను. రిలేను తీసి, అదే రకపు మంచి రిలేను పెట్టి చూడవలెను.

3. క్లచ్చి తీగవద్ద వోల్టు మీటరు పెట్టవలెను. 12 వోల్టులు వచ్చుచున్నను పళ్ళెము కదలనిచో లోపము తీగచుట్టలోనిదో, అరిగి పెరిగిన సందులోనిదో కావచ్చును. ఈ సందు సాధారణముగా అర మిల్లీమీటరు ప్రాంతమున నుండును. వేడెక్కిన రాగితీగ విద్యుత్తును ఎక్కువగా అడ్డగించును. అందువలన అయస్కాంతబలము తగ్గును. ఉదయము పట్టిన క్లచ్చి మధ్యాహ్నము పట్టకపోవుటకు ఇదియు నొక కారణము.

4. ఫ్యూజు, రిలే బాగుగనే యున్నను విద్యుత్తు రానిచో పీడనమును పరీక్షింపవలెను. ఇది మెకానిక్కు గేజితో చేయవలసిన పని. ఆ ద్రవము కంటబడినచో కన్ను గడ్డకట్టి చెడును. 30 డిగ్రీల వేడిలో, ఇంజను ఆగి చల్లబడి యుండగా, ఆర్-134ఏ పీడనము చదరపు అంగుళమునకు సుమారు 97 పౌనులుండును. మిక్కిలి తక్కువైనచో వాయువు కారిపోయినదని గ్రహింపవలెను.

వాయువు తగ్గినపుడు పీడనపు స్విచ్చి కంప్రెసరును ఆపివేయుట లోపము కాదు, రక్షణ. కంప్రెసరునకు వలయు నూనె ఆ వాయువుతోడనే తిరిగి వచ్చును. కొందఱు ఆ స్విచ్చి తీగలను కలిపి కట్టి కంప్రెసరును బలవంతముగా త్రిప్పుదురు. అపుడు నూనె అందక, బాగుగ నున్న కంప్రెసరు నిజముగా బిగిసిపోవును. కారు చోటును కనుగొని మూయక వాయువును నింపుటయు వ్యర్థమే.

కొన్ని క్రొత్త కార్లలో ఈ క్లచ్చి యుండదు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజరంగు తీగలయందు ప్రాణాపాయకరమైన విద్యుత్తుండును. వానిని ముట్టరాదు.

తల్లిదండ్రులకు మనవి: కంప్రెసరును మార్చవలెనని చెప్పినపుడు, "క్లచ్చికి విద్యుత్తు వచ్చుచున్నదా? పీడనమెంత? వాయువు ఎచ్చట కారుచున్నది?" అని అడుగుడు. భాగముల పేర్లు ఇంగ్లీషువైనను, ప్రశ్నలు మన భాషలోనే అడుగవచ్చును. సమాధానము వచ్చిన పిమ్మటనే డబ్బు చెల్లించుట మేలు.

అభ్యాసము: పుల్లీ తిరుగుచున్నను కంప్రెసరు తిరుగకుండుట ఎట్లు సాధ్యము? పీడనపు స్విచ్చి తీగలను ఏల కలుపరాదు?