ప్రాణం దక్కకపోయినా కృతజ్ఞత



ఉపాసకులారా, ఉపాసికలారా,

ఈ పాఠంలో కతఞ్ఞుత గురించి తెలుసుకుందాం. ఇది పాళీ మాట. మనకు చేసిన మేలును గుర్తించడం కతఞ్ఞుత. గుర్తించినదాన్ని మాటలో, చేతలో చూపించేవాడు కతవేది. మంగళ సుత్తంలో బుద్ధ భగవానుడు చెప్పిన మంగళాల్లో కతఞ్ఞుత ఒకటి. ముందుగా మేలు చేసేవారు, చేసిన మేలు మరవనివారు లోకంలో అరుదు అని అంగుత్తర నికాయంలో ఉంది.

మేలు ఫలించినప్పుడు దండం పెట్టడం తేలికే. ఫలించనప్పుడో? అసలు పరీక్ష అక్కడుంది.

మన పాతపట్నం పల్లెల్లో ఆవు, మేక, కుక్క ఇంటి మనుషుల్లాగే పెరుగుతాయి. ఉన్నట్టుండి ఆవుకి కడుపు ఉబ్బుతుంది. కుక్కపిల్లకి రక్త విరేచనాలు పట్టుకుంటాయి. 1962కి ఫోన్ చేస్తాం. మన రాష్ట్రంలో ఈ సంచార పశువైద్య అంబులెన్సులు 2022 మే 19న మొదలయ్యాయి. తొలి విడతలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 బండ్లు. బండిలో డాక్టరు, ఆయనకు సాయపడే పారావెట్, డ్రైవరు ఉంటారు. వస్తారు, సూది వేస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. అయినా ఒక్కోసారి ప్రాణం దక్కదు.

అప్పుడు మన నోట వచ్చే మాట ఏమిటి? "వచ్చి ఏం చేసినట్టు?"

కాస్త ఆగి ఆలోచించండి. కడుపుబ్బరంలో లోపలి గాలి ఊపిరిని నొక్కేస్తుంది, గంటల్లోనే ప్రాణం పోవచ్చు. పార్వో జబ్బులో ఒంట్లో నీరు తగ్గకుండా చూసి, ఆ జీవి తట్టుకునేదాకా నిలబెట్టడమే వైద్యంలో పెద్ద భాగం. ఫలితం అనేక కారణాల మీద ఆధారపడుతుందని పటిచ్చ సముప్పాదం చెబుతుంది. వైద్యుడి చెయ్యి అందులో ఒక కారణం మాత్రమే. ప్రాణం నిలపడం ఆ చేతిలో లేదు. కష్టపడటం ఉంది, ఆ కష్టం వాళ్లు పడ్డారు గదా!

పశువుకి వైద్యం చెయ్యడం ధమ్మ కార్యమే. మన పక్కనే ఒడిశా గంజాం జిల్లాలో జౌగడ ఉంది. అక్కడి రాతి మీద అశోకుడి రెండో శాసనం చూడండి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించానని, మందు మొక్కలు నాటించానని ఉంటుంది. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ సకల జీవుల పట్ల కరుణ ఉంది.

మరి ఏం చెయ్యాలి?

ఒకటి: డాక్టర్ని దేవుణ్ణి చెయ్యకండి. మనిషిగా శ్రమించారు, మనిషిగానే గౌరవించండి.

రెండు: కళేబరాన్ని ఎత్తిన, నేల కడిగిన మనిషిని మరవకండి. చచ్చిన పశువుల్ని మోసే పని కులం పేరుతో మన తాతల నెత్తిన రుద్దారు. దాన్ని వదలమని బాబాసాహెబ్ చెప్పారు. ఆ పనిచేసే మనిషిని పలకరించకుండా వచ్చేయడం మనకు తగునా? గోతిని మీరే తవ్వండి. ఆయనతో కలిసి టీ తాగండి.

మూడు: ఆసుపత్రికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. ఏ రోజు, ఎవరు, ఏం చేశారో పేర్లతో రాయండి. ఆఫీసులకి ఫిర్యాదులే ఎక్కువ చేరతాయి, మంచి మాట కూడా చేరాలి.

నాలుగు: పోయిన జీవి పేరున పక్కింటి కుక్కకి రేబిస్ టీకా వేయించండి. అదే దానం.

నిజంగా నిర్లక్ష్యం జరిగితే ఫిర్యాదు చెయ్యండి, అది మీ హక్కు. కృతజ్ఞత అంటే కళ్లు మూసుకోవడం కాదు. దుఃఖంలోనూ కళ్లు తెరిచి, మనకోసం నిలబడ్డవాళ్లని చూడటం.

జై భీమ్!