గాయం తీవ్రతను తేల్చే ఆస్పత్రి కాగితం

పొలం గట్టు తగాదాలోనో వీధి గొడవలోనో దెబ్బలు తిన్న వ్యక్తి పోలీస్ స్టేషన్‌కు వెళ్లినప్పుడు, అతడికి తగిలిన దెబ్బను చట్టం సాధారణ గాయంగా లెక్కిస్తుందా, తీవ్ర గాయంగా లెక్కిస్తుందా అన్నదానిని బట్టే కేసు నడక చాలావరకు నిర్ణయమవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఒకరికి శారీరక నొప్పి, వ్యాధి లేదా అశక్తత కలిగించడమే గాయపరచడం కనుక, రక్తం కారకపోయినా చెంపదెబ్బ నేరమే అవుతుంది. కావాలని కొట్టినట్లు రుజువైతే 115(2) సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

తీవ్ర గాయాలు ఏవో 116వ సెక్షన్ ఎనిమిది రకాలుగా చెబుతుంది. చూపు లేదా వినికిడి శాశ్వతంగా పోవడం, అవయవం పనికిరాకుండా పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం వంటివాటితో పాటు ఎముక లేదా పన్ను విరగడం కూడా వాటిలో ఉంది. వీటికి 117(2) సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. ఎముక రెండు ముక్కలు కానక్కర లేదని, చీలిక వచ్చినా విరిగినట్లేనని సుప్రీంకోర్టు ఏనాడో స్పష్టం చేసినా, ఎక్స్‌రే తీయించని కారణంగా ఆ చీలిక నిరూపణ కాక కేసు సాధారణ గాయానికి దిగిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే వాపు తగ్గుతుందిలే అని ఇంట్లో ఉండిపోకుండా, వెంటనే ప్రభుత్వాస్పత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించుకోవడం, దెబ్బ ఎవరు దేనితో కొట్టగా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పడం అత్యవసరం; గాయాల సర్టిఫికెట్‌కు ఆధారం ఆ నమోదే.

ఎముక విరగకపోయినా, పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అదీ తీవ్ర గాయమే. పాత శిక్షాస్మృతిలో ఈ గడువు ఇరవై రోజులుండేది. దానిని తగ్గించడం, కూలికి పోతే తప్ప పూట గడవని వారికి నిజంగా మేలు చేసే మార్పు. అయితే ఆస్పత్రిలో అన్ని రోజులు పడుకోవడమే రుజువు కాదు, పని చేయలేని స్థితి చికిత్స కాగితాల్లో కనబడాలి.

కత్తితో పొడిచినా, మరిగే నూనె పోసినా, గాయం చిన్నదే అయినప్పటికీ 118(1) సెక్షన్ వర్తించి శిక్ష మూడేళ్ల వరకు పెరుగుతుంది.

సామాన్యులు ఎక్కువగా నిస్సహాయులయ్యేది స్టేషన్ గడప దగ్గరే. తీవ్ర గాయం కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం కాబట్టి ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి ప్రతిని ఉచితంగా ఇవ్వాలి; నిరాకరిస్తే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పంపవచ్చు, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. 115(2) కింది సాధారణ గాయం నాన్ కాగ్నిజబుల్ అయినా ఫిర్యాదుదారుణ్ణి ఊరికే తిప్పి పంపే అధికారం స్టేషన్‌కు లేదు: సమాచారాన్ని పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేటు వద్దకు వెళ్లమని సూచించాలి, అటువంటి కేసుల డైరీ నివేదికను పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకు పంపాలి. ఈ నేరంపై కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే వేయాలి.

సాధారణ గాయం కేసులో బాధితుడు తానుగా రాజీ పడవచ్చు గానీ, 117(2) కేసులో పెద్దమనుషులు రాయించిన ఒప్పంద పత్రం ఒక్కటే చాలదు, రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి.