లైటు వెలగాలి, ఆరాలి!

పని ఎప్పుడు పూర్తయినట్టు? ఆఖరి బోల్టు బిగించగానేనా? కస్టమర్ మూడోసారి ఫోన్ చేసి "అయిందా అన్నా?" అనగానేనా?

రెండూ కాదు. స్టీరింగో, డ్యాష్‌బోర్డో, సీటో విప్పిన కారైతే దానికి ఒకటే పరీక్ష. కీ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి. కాసేపటికి తనంతట తాను ఆరిపోవాలి. అది మీ కళ్లతో చూసేదాకా పని మిగిలే ఉంది.

పని మొదలుపెట్టే ఊపు అందరికీ ఉంటుంది. ముగించే ఓపికే అరుదు. మీరు అది నేర్చుకోగలరు. ఇవాళే మొదలుపెట్టండి.

ముందు ఆగడం నేర్చుకోండి

ఇగ్నిషన్ ఆఫ్. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, మళ్లీ తగలకుండా పక్కకు కట్టండి. ఇక ఆగండి.

ఎందుకు? యాక్సిడెంట్‌లో బ్యాటరీ తెగిపోయినా బ్యాగ్ తెరుచుకోవాలి. అందుకే కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్ కొంత కరెంటు దాచుకుంటుంది. అది ఖాళీ కావాలి. చాలా టొయోటా మాన్యువల్స్ కనీసం 90 సెకన్లు ఆగమంటాయి. హోండాలో 3 నిమిషాలు. మీ చేతిలో ఉన్న కారుకు ఎంతో దాని మాన్యువల్‌లో చూడండి. ఆ టైమ్‌లో వాట్సాప్ చూసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ గడియారం చూసి లెక్కపెట్టండి, అందాజాగా వద్దు.

బిగించే ముందు కూడా ఇదే క్రమశిక్షణ. అద్దం దించుకోవడానికి మధ్యలో ఎవరో బ్యాటరీ తగిలించి ఉంటారు. షెడ్డులో ఇది మామూలే. మళ్లీ చెక్ చేయండి.

చేతులకు అలవాటు చేయండి

బ్యాగ్ మాడ్యూల్ మోసేటప్పుడు కవర్ వైపు మీ ఒంటికి దూరంగా ఉండాలి. బల్ల మీద పెడితే కవర్ పైకి. బోర్లా పెట్టినప్పుడు పేలితే మాడ్యూలే ఎగిరి మీదికొస్తుంది.

బ్యాగ్ పిన్నుల మీద మల్టీమీటర్ పెట్టొద్దు. టెస్ట్ ల్యాంప్ అసలే వద్దు. ఆ చిన్న కరెంటే దాన్ని పేల్చగలదు.

ఇప్పుడు పసుపు కనెక్టర్. చాలా కార్లలో లోపల ఒక చిన్న రేకు ఉంటుంది. ప్లగ్ ఊడదీసినప్పుడు రెండు పిన్నుల్నీ అది కలిపేస్తుంది. స్టాటిక్ కరెంటుకు బ్యాగ్ పేలకుండా చేసిన ఏర్పాటు అది. ప్లగ్ పూర్తిగా దిగితేనే ఆ రేకు పక్కకు తప్పుకుంటుంది. సగం దిగితే? బయటికి బాగానే కనిపిస్తుంది, లైటు మాత్రం ఆరదు. అందుకే టిక్కుమనే దాకా నొక్కండి. లాక్ ముక్క వేయండి. మెల్లగా లాగి చూడండి.

స్టీరింగ్ తీసి ఉంటే క్లాక్ స్ప్రింగ్ సెంటర్‌లో ఉందా? ముందు చక్రాలు నిటారుగా ఉన్నాయా? ఇక్కడ అజాగ్రత్త ఆ రోజు బయటపడదు. ఎప్పుడో కస్టమర్ ఫుల్‌గా తిప్పి యూటర్న్ కొట్టినప్పుడు లోపలి రిబ్బన్ తెగుతుంది. హారన్ పోతుంది, బ్యాగూ పోతుంది.

ఆఖరి నిమిషం మీదే

కారులో ఎవరూ ఉండకూడదు. డ్యాష్‌బోర్డు మీద స్పానర్లు తీసేయండి. బ్యాటరీ తగిలించండి. డోర్ పక్కన నిలబడి, ముఖం బ్యాగ్‌కు ఎదురుగా లేకుండా చూసుకుని, స్టీరింగ్ మధ్యలోంచి కాకుండా పక్కనుంచి చెయ్యి పెట్టి కీ ఆన్ చేయండి. వరుస విషయంలో కంపెనీ మాన్యువల్ వేరేలా చెబితే దాని మాటే వినండి.

చాలా కార్లలో లైటు సుమారు 6 సెకన్లు ఉంటుంది. వెలిగి ఆరిందా? శభాష్.

ఆరలేదా, మిణుకుమంటోందా? ఎక్కడో ఫాల్ట్ ఉంది. స్కానర్ పెట్టండి. ముందు లోపం సరిచేయండి, కోడ్ చెరపడం తర్వాత. కోడ్ మాత్రమే చెరిపితే అది మళ్లీ వస్తుంది. సీటు తీసి బిగించిన కారైతే నేరుగా సీటు కింద ప్లగ్ చూడండి. ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

అసలు వెలగనే లేదా? "హమ్మయ్య, లైటు లేదు" అనుకునే మనస్తత్వం వదిలేయండి. ఇది ఇంకా ప్రమాదం. లైటే పాడై ఉండొచ్చు, లేదా ఫాల్ట్ కనపడకుండా ఎవరో తీసేసి ఉండొచ్చు.

కారు మీదా? అయితే ఇది మీకు

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. కాబట్టి ఇది పెద్ద కార్ల వాళ్ల గొడవ కాదు, మీదే.

డెలివరీ తీసుకునేటప్పుడు మొహమాటం పక్కన పెట్టండి. "కీ ఒకసారి ఆన్ చేయండి, లైటు చూద్దాం" అనండి. నవ్వుతూనే అనండి, కానీ అనండి. కొత్త సీటు కవర్లు వేయించారా? సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే ఆ కవర్ దానికి అడ్డం పడుతోందేమో అడగండి. మెకానిక్ చిరాకు పడితే పడనివ్వండి. సమాధానం వచ్చాకే బిల్లు కట్టండి. బెల్టు పెట్టుకుని బండి తీయండి. బెల్టు లేకుండా బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బే గట్టిగా తగలొచ్చు.